బ్లడ్ అరేంజ్ చేసుకోమన్నారు: ఏ బ్యాగు, ఎంత, ఎవరి దగ్గర

అనంతపురం, హిందూపురం, మదనపల్లె వైపు పెద్ద జబ్బు అనగానే బండి బెంగళూరు వైపే తిరుగుతుంది. హొసూరు రోడ్డు మీద కిద్వాయి, నిమ్హాన్స్, జయనగర్లో జయదేవ, కోరమంగలలో సెయింట్ జాన్స్, ఎక్కడికి వెళ్లినా వార్డులో నలుగురైనా తెలుగువాళ్లు కనిపిస్తారు. అడ్మిషన్ అయిన ఒకటి రెండు రోజులకు నర్సు వచ్చి "బ్లడ్ అరేంజ్ చేసుకోండి" అంటుంది. అంతే, ఊరికి ఫోన్లు వెళ్తాయి, కుర్రాళ్లంతా కారెక్కి బయల్దేరతారు. తీరా వచ్చాక కావలసింది ప్లాస్మా అనీ, అది స్టాకులోనే ఉందనీ తెలుస్తుంది. లేదా ప్లేట్‌లెట్స్ ఇచ్చే దాత ఒక్కరు చాలంటారు. వచ్చిన ఎనిమిది మందిలో రోగికి సరిపడే గ్రూపు ఒక్కరికీ ఉండదు.

ఈ తిప్పలు తప్పాలంటే రక్తంలో ఏముంటుందో, ఏది ఏ పని చేస్తుందో కొంచెం తెలిసి ఉండాలి. అరవై కిలోల మనిషి ఒంట్లో దాదాపు 4 లీటర్ల పైచిలుకు రక్తం ఉంటుంది, కిలోకు 70 మి.లీ. లెక్కన. అందులో సగం కంటే కొంచెం ఎక్కువ, సుమారు 55 శాతం, ప్లాస్మా. మిగతాది కణాలు, వాటిలో దాదాపు అన్నీ ఎర్రకణాలే. తెల్లకణాలు, ప్లేట్‌లెట్స్ కలిపినా ఒక శాతం దాటవు. ఇప్పుడు రోగికి ఎక్కించేది చాలావరకు మొత్తం రక్తం కాదు. దాత ఇచ్చిన సంచిని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ఎర్రకణాలు, ప్లేట్‌లెట్స్, ప్లాస్మా వేరు చేసి, ఎవరికి ఏది తక్కువైతే అది ఇస్తారు. ఒక దాత ఇచ్చిన రక్తం ముగ్గురికి పోవచ్చు.

ముందు ఫారం చూడండి

డాక్టర్ రాసే రిక్వెస్ట్ ఫారం ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఫోన్ తీయకముందు దాన్ని ఫొటో తీసుకోండి. అందులో చూడాల్సినవి నాలుగు: ఏ కాంపొనెంట్ (అంటే రక్తంలో ఏ భాగం), ఎన్ని యూనిట్లు, రోగి గ్రూపు, ఎప్పటికి కావాలి. కాంపొనెంట్ దగ్గర పొట్టి అక్షరాలే ఉంటాయి. పీఆర్‌బీసీ అంటే ఎర్రకణాలు. ఆర్‌డీపీ, ఎస్‌డీపీ రెండూ ప్లేట్‌లెట్స్. ఎఫ్‌ఎఫ్‌పీ ప్లాస్మా. క్రయో అంటే ప్లాస్మా నుంచే తీసిన చిన్న బ్యాగు. కొందరు డాక్టర్లు ఎర్రకణాల బ్యాగును పీసీవీ అని రాస్తారు. రక్తపరీక్ష రిపోర్టులో పీసీవీ అంటే మాత్రం రక్తంలో ఎర్రకణాల శాతం. రిపోర్టులో పీసీవీ 40 అని ఉంటే నలభై బ్యాగులు కావాలని కంగారు పడనక్కర్లేదు.

"ఎప్పటికి" అన్న గడి చాలామంది ఖాళీగా వదిలేస్తారు. అదే డాక్టర్‌ను అడిగి రాయించుకోండి. ఆపరేషన్ కోసం ముందుజాగ్రత్తగా రిజర్వ్ చేయడం వేరు, ఇప్పుడే ఎక్కించడం వేరు. రిజర్వ్ అయితే బ్యాగు బ్లడ్ సెంటర్‌లోనే ఉంటుంది, వాడకపోతే ఇంకొకరికి వెళ్తుంది.

ఫారంతో పాటు రోగి రక్తం శాంపిల్ కూడా పంపాలి, ఊదారంగు మూత ట్యూబులో. ప్రాణాల మీదకు తెచ్చే పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ట్యూబు మీద రోగి పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, తీసిన తేదీ, సమయం మంచం పక్కనే రాయాలి, నర్సింగ్ స్టేషన్‌కు వెళ్లాక కాదు. ఒకరి రక్తం ఇంకొకరి పేరున్న ట్యూబులో పడితే క్రాస్ మ్యాచ్ (శాంపిల్‌కు బ్యాగు రక్తం సరిపడుతుందో లేదో చూసే పరీక్ష) చేసినా పట్టుబడకపోవచ్చు, ఎందుకంటే తప్పు రక్తంతోనే సరిగ్గా మ్యాచ్ చేస్తారు. అందుకే ట్యూబు మీద రాసింది రోగి వెంట ఉన్నవాళ్లు కూడా ఒకసారి చదవాలి. ఒకే వార్డులో ఇద్దరు వెంకటేశులు, ముగ్గురు లక్ష్మమ్మలు ఉండడం మన దగ్గర మామూలే.

క్రాస్ మ్యాచ్‌కు ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. ఈ మధ్యే రక్తం ఎక్కిన రోగి అయినా, గర్భిణి అయినా పాత శాంపిల్ మూడు రోజులు దాటితే పనికిరాదు, ఒంట్లో కొత్త యాంటీబాడీలు పుట్టి ఉండొచ్చు కాబట్టి. కొత్త శాంపిల్ అడిగితే విసుక్కోకండి.

ఎర్రకణాలు

ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్‌ను ఒళ్లంతా చేరవేసేది ఎర్రకణంలోని హీమోగ్లోబిన్. ఒక ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. మగవాళ్లలో హీమోగ్లోబిన్ 13 నుంచి 17, ఆడవాళ్లలో 12 నుంచి 15 గ్రాములు మామూలు. ఒక యూనిట్ ఎక్కిస్తే పెద్దవాళ్లలో సుమారు ఒక గ్రాము పెరుగుతుంది. 350 మి.లీ. సంచి నుంచి తీసిన యూనిట్ అయితే కొంచెం తక్కువ.

"హీమోగ్లోబిన్ 8.5 ఉంది, రెండు బాటిళ్లు ఎక్కించండి సార్" అని బంధువులే అడగడం వార్డుల్లో రోజూ జరిగేదే. రక్తం కారకుండా, ఊపిరి ఆడుతూ, నిలకడగా ఉన్న రోగికి 7కు దిగేదాకా చాలామంది డాక్టర్లు ఆగుతారు, గుండె జబ్బుంటే 8 దగ్గర ఆలోచిస్తారు. ఐరన్ లోపం వల్ల వచ్చిన రక్తహీనతకు ఐరన్ టాబ్లెట్లో ఇంజెక్షనో సరిపోతుంటే, రక్తం ఎక్కించి రిస్క్ తెచ్చుకోవడం దేనికి?

ఈ బ్యాగులు 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఉండాలి. మామూలు సీపీడీఏ సంచిలో 35 రోజులు, సాగ్‌ఎమ్ ద్రావణం కలిపితే 42 రోజులు నిల్వ ఉంటాయి. అందుకే పెద్ద బ్లడ్ సెంటర్లలో ఎర్రకణాలు దాదాపు ఎప్పుడూ స్టాకులో ఉంటాయి. నెగెటివ్ గ్రూపుల సంగతి వేరు. మన దేశంలో ఆర్‌హెచ్ నెగెటివ్ ఉన్నవాళ్లు నూటికి ఐదారుగురు ఉంటే గొప్ప, కాబట్టి అడ్మిషన్ రోజే వెతుకులాట మొదలుపెట్టాలి.

ఓ నెగెటివ్ ఎర్రకణాలు దాదాపు అందరికీ ఎక్కించవచ్చని అందరికీ తెలుసు. ప్లాస్మాకు ఈ లెక్క తిరగబడుతుందని తెలిసినవాళ్లు తక్కువ. ఓ గ్రూపు మనిషి ప్లాస్మాలో ఏ, బీ రెండింటి మీదా దాడి చేసే యాంటీబాడీలు ఉంటాయి. ఏబీ గ్రూపు ప్లాస్మాలో రెండూ ఉండవు. అందుకని ప్లాస్మా విషయంలో అందరికీ సరిపోయేది ఏబీ.

రోగికి అన్ని పరీక్షల్లోనూ ఓ గ్రూపే వచ్చి, ఓ గ్రూపు బ్యాగుల్లో ఒక్కటీ మ్యాచ్ కాకపోతే బాంబే గ్రూపు అని అనుమానించాలి. 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే బృందం దీన్ని గుర్తించింది. ఈ గ్రూపువాళ్లకు బాంబే గ్రూపు రక్తం తప్ప ఇంకేదీ పనికిరాదు. బెంగళూరులోని సంకల్ప్ ఇండియా ఫౌండేషన్ ఇలాంటి దాతల జాబితా నిర్వహిస్తుంది, ముందు అక్కడ అడగండి.

ప్లేట్‌లెట్స్: పరుగులన్నీ దీనికే

జూన్ నుంచి అక్టోబరు దాకా బెంగళూరు వాట్సాప్ గ్రూపుల్లో రక్తం మెసేజీలన్నీ దాదాపు ప్లేట్‌లెట్స్ కోసమే, డెంగీ పుణ్యమా అని. ప్లేట్‌లెట్ పని రక్తనాళానికి చిల్లి పడిన చోట అతుక్కుని మూత వేయడం. మామూలు లెక్క మైక్రోలీటరుకు 1.5 లక్షల నుంచి 4.5 లక్షలు. ఆయుష్షు వారం పది రోజులే.

ముందు రిపోర్టు చదవడం నేర్చుకోవాలి. ఒక ల్యాబ్ 18,000 అని రాస్తుంది, ఇంకొకటి 0.18 లక్షలు అని, మరొకటి వేలల్లో లెక్కగా 18 అని రాస్తుంది. మూడూ ఒకటే. నిన్నటి రిపోర్టులో 45, ఇవాళ్టి రిపోర్టులో 0.5 కనిపిస్తే పడిపోయాయని గుండెలు బాదుకోకండి. పెరిగి 50,000 అయ్యాయి. ఒక్కోసారి ప్లేట్‌లెట్స్ ట్యూబులో గుంపుగా అతుక్కుని మెషీన్ తక్కువ చూపిస్తుంది. ఒంటి మీద మచ్చలు, రక్తస్రావం ఏవీ లేకుండా లెక్క ఉన్నట్టుండి పడిపోతే, స్లైడ్ మీద మాన్యువల్‌గా లెక్కపెట్టారా అని అడగండి.

డెంగీలో రక్తస్రావం లేకపోతే 10,000 కిందికి పడేదాకా ప్లేట్‌లెట్స్ ఎక్కించే అవసరం ఉండదు. 40,000 దగ్గరే దాతల కోసం ఊరంతా తిరిగేవాళ్లను చూస్తే జాలేస్తుంది. డెంగీలో అసలు ముప్పు ప్లాస్మా రక్తనాళాల నుంచి బయటికి ఊరిపోవడం. అది జరుగుతున్నప్పుడు రక్తం చిక్కబడుతుంది, పీసీవీ పెరుగుతుంది. పైగా ఇది జ్వరం తగ్గే రోజుల్లోనే మొదలవుతుంది. జ్వరం పోయిందని సంతోషించే రోజునే కడుపులో గట్టి నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ ముట్టకూడదు. బొప్పాయి ఆకు రసం తాగించినా తాగించకపోయినా ఈ లక్షణాల మీద కన్ను ఉండాల్సిందే.

కీమోథెరపీ రోగులకు పద్ధతి వేరు. మజ్జ పని ఆగిపోయి ఉంటుంది కాబట్టి 10,000 కిందికి దిగగానే ముందుజాగ్రత్తగా ఎక్కిస్తారు. ఆపరేషన్ ఉంటే 50,000, మెదడు లేదా కంటి ఆపరేషన్ అయితే లక్ష దాకా ఉండాలంటారు.

ఇక ఆర్‌డీపీ, ఎస్‌డీపీ తేడా. ఆర్‌డీపీ అంటే మామూలుగా ఇచ్చిన రక్తం నుంచి వేరుచేసిన చిన్న బ్యాగు, 50 నుంచి 70 మి.లీ. ఒక్కోదానికి 5,000 నుంచి 10,000 పెరుగుతాయి, కాబట్టి పెద్దవాళ్లకు నాలుగు నుంచి ఆరు కలిపి ఇస్తారు. ఇవి స్టాకులో ఉంటాయి, ధర తక్కువ. ఎస్‌డీపీ ఒకే దాత నుంచి మెషీన్ మీద తీసేది, 200 నుంచి 300 మి.లీ., ఒక్క బ్యాగుతో 30,000 నుంచి 50,000 పెరుగుతాయి. ఖర్చు వేలల్లో ఉంటుంది, ఎందుకంటే ఒక్కో దాతకు ఒక్కో కొత్త కిట్ వాడి పారేస్తారు. రాత్రి పూట అత్యవసరమైతే ఎస్‌డీపీ దాత దొరికేదాకా ఆగకుండా ఆర్‌డీపీలతో మొదలుపెట్టవచ్చా అని డాక్టర్‌ను అడగండి.

ఎస్‌డీపీ దాతకు 18 నుంచి 60 ఏళ్ల వయసు, 50 కిలోల పైన బరువు, హీమోగ్లోబిన్ 12.5 పైన, ప్లేట్‌లెట్స్ 1.5 లక్షల పైన ఉండాలి. మూడు రోజులుగా ఆస్పిరిన్ వేసుకుని ఉండకూడదు. ఎక్కువమంది ఆగిపోయేది మాత్రం నరం దగ్గర. మోచేతి మడతలో స్పష్టంగా కనిపించే గట్టి నరం లేకపోతే మిగతావన్నీ సరిపోయినా పంపేస్తారు. అందుకే ఒక బ్యాగుకు ముగ్గురు దాతలను పిలవండి. ముందు శాంపిల్ తీసి పరీక్షలు చేస్తారు, దానికే రెండు గంటలు పట్టొచ్చు. తర్వాత మెషీన్ మీద గంట, గంటన్నర. మెషీన్ ప్లేట్‌లెట్స్ మాత్రం ఉంచుకుని మిగతా రక్తం దాతకే తిరిగి పంపుతుంది. గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ రక్తంలోని కాల్షియాన్ని పట్టేస్తుంది, దాంతో పెదవుల చుట్టూ తిమ్మిరిగా అనిపించవచ్చు. చెప్పకుండా ఓర్చుకోవద్దు, టెక్నీషియన్ వేగం తగ్గించి కాల్షియం మాత్ర ఇస్తారు. రెండోసారి ఇవ్వడానికి కనీసం 48 గంటలు ఆగాలి.

లుకేమియా రోగికి వారాల పాటు ప్లేట్‌లెట్స్ కావాలి. అవి 20 నుంచి 24 డిగ్రీల దగ్గర, ఆగకుండా ఊగే అరల్లో, ఐదు రోజులే నిలుస్తాయి. ఊరి నుంచి ఆరుగురినీ ఒకేరోజు తెస్తే ఐదుగురు ఊరికే వచ్చినట్టే. ముగ్గురేసి చొప్పున, మూడు రోజులకొకసారి రమ్మనండి.

ప్లాస్మా, క్రయో

ప్లాస్మాలో తొంభై శాతం పైగా నీళ్లే. మిగతాదాంట్లో రక్తం గడ్డకట్టించే ప్రోటీన్లు, ఆల్బుమిన్, యాంటీబాడీలు ఉంటాయి. కాలేయం పాడైనా, రక్తస్రావం ఆగకపోయినా ఎఫ్‌ఎఫ్‌పీ అడుగుతారు. మోతాదు కిలోకు 10 నుంచి 15 మి.లీ. అంటే అరవై కిలోల మనిషికి 600 నుంచి 900 మి.లీ., నాలుగైదు బ్యాగులు. మైనస్ 30 డిగ్రీల దగ్గర ఏడాది పాటు నిల్వ ఉంటుంది, కాబట్టి దాతల కోసం పరుగెత్తే పని సాధారణంగా రాదు. కానీ ఇవ్వాలంటే 37 డిగ్రీల నీళ్లలో కరిగించాలి, అరగంట పడుతుంది. ఒకసారి కరిగితే మళ్లీ గడ్డకట్టించి దాచలేరు. అందుకని వార్డులో సూది పెట్టి సిద్ధంగా ఉన్నారని కనుక్కున్నాకే బ్లడ్ సెంటర్‌కు కరిగించమని చెప్పాలి. రోగి స్కాన్‌కు వెళ్లిన టైములో కరిగించి పారబోసిన బ్యాగులు ఎన్నో.

క్రయో బ్యాగులో 15 నుంచి 20 మి.లీ.యే ఉంటుంది. కాన్పు తర్వాత ఆగని రక్తస్రావంలో ఫైబ్రినోజెన్ అనే గడ్డకట్టించే ప్రోటీన్ తగ్గితే దీన్ని అడుగుతారు. "పది క్రయో" అని రాసి ఉంటే బెదిరిపోకండి, అన్నీ కలిపినా ఒక గ్లాసు.

ఆల్బుమిన్ కావాలంటే బ్లడ్ సెంటర్‌కు వెళ్లకండి. అది వేలమంది ప్లాస్మా కలిపి ఫ్యాక్టరీలో తయారుచేసే మందు, ఫార్మసీలో సీసాల్లో దొరుకుతుంది. తెల్లకణాలు పడిపోతే కూడా రక్తం ఎక్కించడం దానికి మందు కాదు. చాలావరకు వాటిని పెంచే ఇంజెక్షన్ ఇస్తారు.

దాతలను పిలిచేటప్పుడు

దాత ఇచ్చిన రక్తమే రోగికి ఎక్కుతుందనుకుంటారు చాలామంది. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు అయ్యాకే బ్యాగు బయటికొస్తుంది, దానికి గంటలు పడుతుంది. ఇప్పుడు మీకు ఇచ్చేది నిన్న మొన్న ఎవరో ఇచ్చిన రక్తం, మీవాళ్లు ఇచ్చేది రేపు ఇంకొకరికి. అందుకే రిప్లేస్‌మెంట్‌కు, అంటే తీసుకున్న బ్యాగుకు బదులుగా ఇచ్చే రక్తానికి, గ్రూపు కలవాల్సిన పని లేదు. రోగి ప్రాణం మీద ఉంటే దాతలు రాకముందే రక్తం ఇవ్వమని డ్యూటీ డాక్టర్ ద్వారా అడగండి. ఆసుపత్రిలో లేకపోతే రాష్ట్రోత్థాన, తిప్పసంద్రలో బీఎంఎస్‌టీ (బెంగళూరు మెడికల్ సర్వీసెస్ ట్రస్ట్) వంటి బయటి బ్లడ్ సెంటర్లున్నాయి. ఈ-రక్త్‌కోష్ వెబ్‌సైట్‌లో ఎక్కడ ఏ గ్రూపు ఉందో చూడొచ్చు, కానీ బయల్దేరే ముందు ఫోన్ చేసి తేల్చుకోండి. సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్ దాటి వెళ్లి లేదనిపించుకోవడం దేనికి.

మామూలు రక్తదానానికి 18 నుంచి 65 ఏళ్లు, కనీసం 45 కిలోలు, హీమోగ్లోబిన్ 12.5 ఉండాలి. 55 కిలోలు దాటితే 450 మి.లీ. తీసుకోవచ్చు, తక్కువైతే 350. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వొచ్చు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, ఏడాదిలోపు పచ్చబొట్టు వేయించుకున్నవాళ్లు పనికిరారు. ఐటీ కుర్రాళ్లు నైట్ షిఫ్ట్ దిగి నిద్రపోకుండా, టిఫిన్ తినకుండా నేరుగా వస్తారు. కళ్లు తిరిగి పడేది వాళ్లే. నిద్రపోయి, తిని, రెండు గ్లాసుల నీళ్లు తాగి రమ్మనండి.

మెసేజ్ ఇలా పెట్టండి: "ఎస్‌డీపీ ప్లేట్‌లెట్స్, 1 యూనిట్, బీ పాజిటివ్. బుధవారం మధ్యాహ్నం 2 లోపు శాంపిల్ ఇవ్వాలి. ఆసుపత్రి, బ్లాకు, అంతస్తు ఇవీ. మూడు రోజులుగా ఆస్పిరిన్ వేసుకోనివాళ్లు, 50 కిలోలు దాటినవాళ్లు మాత్రమే ఫోన్ చేయండి." తేదీ రాయని మెసేజ్ ఏడాదైనా తిరుగుతూనే ఉంటుంది. దొరకగానే "అయిపోయింది" అని అదే గ్రూపులో పెట్టండి. ముందు డబ్బు పంపితే దాతను పంపుతామనేవాళ్ల ఫోన్ పెట్టేయండి, డబ్బుకు రక్తం అమ్మడం 1998 జనవరి 1 నుంచి నిషేధం. బ్లడ్ సెంటర్ తీసుకునేది ప్రాసెసింగ్ చార్జీ. 2022 నాటి మార్గదర్శకాల ప్రకారం ఎర్రకణాల యూనిట్‌కు ప్రభుత్వ కేంద్రంలో 1,100, ప్రైవేటులో 1,550 రూపాయలు గరిష్ఠం, న్యాట్ (వైరస్‌లను త్వరగా పట్టే పరీక్ష) వంటి అదనపు పరీక్షలకు వేరే.

"అన్న రక్తమే తమ్ముడికి మంచిది" అనే నమ్మకం బలంగా ఉంది. తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువుల రక్తంలోని తెల్లకణాలను రోగి ఒళ్లు పరాయివని గుర్తించకపోవచ్చు. అప్పుడు అవి తిరగబడి రోగి మీదే దాడి చేస్తాయి. అరుదే, కానీ వస్తే దాదాపు ప్రాణాంతకం. అందుకే దగ్గరి బంధువు రక్తమైతే రేడియేషన్ ఇచ్చిన బ్యాగే వాడాలి. ఎముక మజ్జ మార్పిడి ఆలోచనలో ఉంటే ఇంట్లోవాళ్లు అసలు ఇవ్వకూడదు.

బ్యాగు చేతికొచ్చాక

ఎర్రకణాలు ఐస్ ప్యాకులున్న డబ్బాలో, ఐస్ నేరుగా తగలకుండా తేవాలి. ప్లేట్‌లెట్స్‌ను ఐస్‌లో పెడితే పాడైపోతాయి, మామూలు సంచిలో తెస్తే చాలు. చల్లగా ఉందని బ్యాగును చంకలోనో వేడినీళ్లలోనో పెట్టకండి, కణాలు పగిలిపోతాయి. గది ఫ్రిజ్‌లో దాచకండి. ఎర్రకణాలు తెచ్చిన అరగంటలో మొదలుపెట్టి, నాలుగు గంటల్లో పూర్తి చేయాలి. అదే లైనులో నార్మల్ సెలైన్ తప్ప గ్లూకోజ్, రింగర్ లాక్టేట్ ఏవీ వెళ్లకూడదు.

ఎక్కించే ముందు ఇద్దరు సిబ్బంది బ్యాగు నంబరు, గ్రూపు, గడువు, రోగి చేతి బ్యాండ్ కలిపి చదవాలి. మొదటి పావుగంట మీరు మంచం వదలకండి. చలి, వణుకు, నడుం నొప్పి, దద్దుర్లు, ఆయాసం, ముదురు రంగు మూత్రం, వీటిలో ఏది కనిపించినా నర్సును పిలిచి వెంటనే ఆపించండి. ఆపిన బ్యాగును, ట్యూబును పారేయనివ్వకండి, కారణం తేల్చడానికి బ్లడ్ సెంటర్‌కు అదే కావాలి.

డిశ్చార్జ్ సమ్మరీలో ఏ తేదీన ఏ కాంపొనెంట్ ఎన్ని యూనిట్లు ఎక్కాయో, రియాక్షన్ వచ్చిందా, యాంటీబాడీలు ఏమైనా బయటపడ్డాయా అన్నది రాయించుకోండి. రేడియేషన్ ఇచ్చిన బ్యాగులే వాడాలని ఉంటే అది కూడా. తర్వాత అనంతపురంలోనో తిరుపతిలోనో ఎక్కించాల్సి వస్తే అక్కడి డాక్టర్ మొదట అడిగేది ఇదే.